కాలిపోని మోటారు

మోటారు పడసాల నడుమ కూర్చుని ఉంది. ఇంట్లో వాళ్ళంతా దాని చుట్టూ నిలబడి ఉన్నారు.

రెండు వారాలుగా అనంతపురంలో రీవైండింగు షాపులో ఉందని ఓబిలేష్ చెబుతూ వచ్చిన మోటారు అది. పొద్దున బర్రెకు మేత పీకబోతే, తోటలో చెనక్కాయ కట్టె వామిలో గోనెసంచి చుట్టుకుని దొరికిందని వాళ్ళ నాయన హనుమంతరాయుడు చెప్పాడు. గట్టు మీది స్టార్టరుకు తగిలించి చూస్తే చక్కగా తిరిగిందట. అంతే, టీవీఎస్ వెనక తాడేసి కట్టి ఇంటికి తెచ్చి పడసాలలో దించాడు.

"కాలిపోయిందంటివే?" అన్నాడు కొడుకుతో.

ఓబిలేష్ మోటారు వంక చూశాడు. అదేమైనా సాయానికి వస్తుందేమోనని కాబోలు.

"అనంతపురంలో మెకానిక్ రేపు రా, ఎల్లుండి రా అంటాండాడంటివే?"

"అంటి నాయనా."

"ఆ మెకానిక్ మన వామిలో అంగడి పెట్టినాడా?"

ఎనిమిదేళ్ళ పద్మజ కిసుక్కున నవ్వింది. నాయనమ్మ ఆంజినమ్మ దాని నెత్తిన మెల్లగా ఒకటి వేసి, తన నవ్వు దాచుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు పెద్దలు. ఓబిలేష్‌కు ఆ విద్య ఏ జన్మలోనూ అబ్బేది కాదు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి మూతి తుడుచుకోకుండా వచ్చి నిలబడేవాడు. నలభై దగ్గర పడుతున్నా అదే మనిషి.

"నోరు తెరువు రా!" హనుమంతరాయుడు అరిచాడు.

ఆంజినమ్మ ఉలిక్కిపడింది. ఆయన మాట పెళుసే గాని అరుపు అరుదు. ఇంత చిన్న ఇంట్లో అంత గొంతు అక్కరలేదు కూడా. అరిచాక ఆయనకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"ముందు కాఫీ తాగు. కోపం యాడికీ పోదు, కాఫీ సల్లారిపోతాది," అంది ఆంజినమ్మ. "ఈ చలిలో కంబళి లేకుండా తిరుగుతాండావు, దగ్గు రాక ఏమొస్తాది? యాడ పారేసుకున్నావు దాన్ని?"

"పారేసుకోలే. తోటలో ఉండాది."

"తోటకు చలేస్తాందా?"

ఆయన కాఫీ ముట్టలేదు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో సైకిలు ఆగింది. నెత్తిన హెల్మెట్టు, ఒంటిమీద ఖాకీ చొక్కాతో జ్యోతిలక్ష్మి లోపలికి వచ్చింది. అనంతపురం డిపోలో కండక్టరు. డ్యూటీ దిగాక గార్లదిన్నె దాటి ఈ పల్లె దాకా సైకిలు తొక్కుతూ రావడమే పోటీకి ఆమె ప్రాక్టీసు. వేరే టైము ఆమెకు ఎవరిస్తారు?

"అరె, మోటారు వచ్చిందా!" అంది సంబరంగా. "శానా దినాలు పెట్టుకున్నాడు కదా మెకానిక్. ఇంక చెట్లకు నీళ్ళు వదలొచ్చు, ఏం మామా?"

జ్యోతిలక్ష్మి ఒక్కొక్కరి మొహమూ చూసింది. బస్సులో చెకింగు ఎక్కినప్పుడు జనం ఇలాగే చూపులు దించుకుంటారు. హెల్మెట్టు తీసి చేతిలో పట్టుకుంది.

"ఏమైంది?"

"నీ మొగుణ్ణి అడుగు," అన్నాడు మామ. తువ్వాలు భుజాన వేసుకుని తోటవైపు వెళ్ళిపోయాడు.

ఆంజినమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది. "దా పాపా, మనం పప్పు ఎనుపుదాం." వంటింటి గడప దగ్గర ఆగి కోడలి వైపు చూసింది. కోడలంటే కోడలే గాని సొంత తమ్ముడి కూతురు. "జోతీ, కొట్టేదుంటే మోటారు పక్కకు జరిపి కొట్టు. అదేం తప్పు చేయలే."

*

చీనీ చెట్టుకు, అంటే బత్తాయికి, ఒక గుణముంది. అడిగినన్ని నీళ్ళు పోస్తూ పోతే ఆకులు వేస్తుంది గాని పూత వేయదు. అందుకని ఏటా ఒకసారి నీళ్ళు ఆపి వాడబెడతారు. ఆకు వడలి, కొంత రాలి, చెట్టుకు ఇక బతకనేమోనని భయం పుట్టే వేళ చూసి ఒక్కసారిగా నీళ్ళు వదులుతారు. అప్పుడు మూడు వారాలు తిరక్కుండా కొమ్మకొమ్మకూ పూత వస్తుంది. ఆ వేళ తప్పితే పూత బదులు ఎండుపుల్లలు మిగులుతాయి. ఏడాది పంట పోతుంది, కొన్నిసార్లు చెట్టే పోతుంది.

ఆ నీళ్ళు ఉండేది తోట మూలన, నల్ల ప్లాస్టిక్ పట్ట పరిచిన గుంతలో. నీరసపు బోరు నెలల తరబడి పోస్తే అంతమాత్రం నిండింది. అందులోంచి చెట్లకు తోడేది ఈ మోటారే. చుట్టుపక్కల జ్యోతిలక్ష్మి ఈదడానికి ఉన్న నీళ్ళు కూడా అవే.

ఆమె ఈదేది గోవాలో జరిగే పోటీకి. సముద్రంలో రెండు కిలోమీటర్ల ఈత, ఒడ్డెక్కి తొంభై కిలోమీటర్ల సైకిలు, అది దిగి ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అన్నీ ఒకదాని వెనక ఒకటి, ఒకే రోజు. "బస్సులో పనిచేసేదానికి బస్సు ఎక్కకుండా పోయే రోగం యాల వచ్చిందో," అని ఆంజినమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ చెప్పుకోవడంలో కొంచెం గొప్ప కూడా ఉండేది.

పోటీకి ఇంకా నెల ఉంది. చెట్లకు నీళ్ళు వదిలితే గుంత ఖాళీ. మళ్ళీ నిండేసరికి పోటీ ముగిసిపోతుంది. ఆ లెక్క వేసుకుని ఓబిలేష్ మోటారును కాల్చేశాడు, నోటితో.

పెరట్లో సైకిలు చెయిను తుడుస్తూ జ్యోతిలక్ష్మి ఇదంతా విన్నది. అతను చెప్పడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

"నన్ను అడిగినావా బావా?"

"అడిగితే వద్దంటావు."

"అంటా. అందుకే అడగాల."

"రెండు వారాలే కదా జోతీ. చెట్లు ఓర్చుకుంటాయిలే అనుకుంటి."

"చెట్లు చెప్పినాయా నీకు?"

ఓబిలేష్ తల గోక్కున్నాడు. "గోనెసంచిలో చుట్టి వామిలో పెట్టినా. పెట్టినకాణ్ణుంచి భయానికి ఆ దిక్కే పోలే. మంచుకు వైండింగు తడిసి నిజంగానే కాలిపోతాదేమోనని నిద్ర పట్టలే నాకు."

మరో రోజైతే ఆమె పగలబడి నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అవి అతనికి కనబడకుండా పెడలు తిప్పింది.

"దినామూ బస్సులో చూస్తా నేను. టికెట్టు తీయకుండా కూచున్నోళ్ళ మొగం ఎట్లుంటాదో నాకు తెలుసు. రెండు వారాలుగా నన్నట్ల కూచోబెట్టినావు కదప్పా. నాకు తెలియకుండానే."

ఆ మాట అతనికి నిజంగా తగిలింది. ఎందుకు తగలదు? ఈ ఏడాదిలో ఆమె పరిగెత్తిన ప్రతి గంటా ఎవరినో ఒకరిని నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నదే. ఆదివారం పొద్దున సైకిలు తొక్కే గంటలు అత్త ఇచ్చింది. దానికి బదులు ఆ రాత్రి వంటా, మర్నాటికి పిండి రుబ్బడమూ జ్యోతిలక్ష్మివి. పరుగు గంట పద్మజ ఇచ్చింది, తిరిగి వచ్చాక తలకు నూనె పెట్టి కథ చెప్పాలన్న షరతు మీద. డిపోలో తోటి కండక్టరు మల్లీశ్వరి డ్యూటీ మార్చుకునేది, ఆమె బిడ్డకు జ్వరమొస్తే జ్యోతిలక్ష్మి రెండు డ్యూటీలు చేసేది. గుంతలో దిగేముందు మామను కూడా అడిగింది. "నీళ్ళు తరగవు కదా, ఈదుకో," అన్నాడాయన, రాతిస్తంభానికి మోకు కట్టి, పట్ట జారుతుంది జాగ్రత్తమ్మా అని చెప్పి. దొంగతనంగా తెచ్చుకున్న గంట ఒక్కటీ లేదు. అదే ఆమె గర్వం. మొగుడు ప్రేమతో దాని మీదనే దెబ్బ కొట్టాడు.

"యాల చేసినావు బావా ఇట్ల?" ఈసారి గొంతు తగ్గించి అడిగింది.

అతను నేల మీది గ్రీసు గుడ్డ తీసి మడత పెట్టాడు.

"డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నీ మొగం వాడిపోయుంటాది. పొద్దున ఆ గుంతలోనించి లేచి వచ్చేటప్పుడు చూస్తే పెండ్లినాటి మొగం. ఇంకొన్ని దినాలు చూడాలనిపించింది. అంతే. దండం పెడతా, నన్నేమీ అడగొద్దు."

జ్యోతిలక్ష్మికి అతన్ని ఆ క్షణాన దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది, సైకిలు పంపుతో నెత్తిన ఒకటి వేయాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"అన్నం తినిపో," అంది. "నాతో మాట్లాడొద్దు."

*

తెల్లారేసరికి మోటారు గుంత గట్టు మీద తన చోటుకు చేరింది. తండ్రీ కొడుకులు ఒక్క మాట మాట్లాడుకోకుండా బిగించారు. స్పానరు కావలసి వస్తే హనుమంతరాయుడు చెయ్యి చాపేవాడు, ఓబిలేష్ అందించేవాడు. ఆ నెంబరు కాకపోతే ఆయన దాన్ని నేల మీద పెట్టి మళ్ళీ చెయ్యి చాపేవాడు.

ఆ రోజు జ్యోతిలక్ష్మికి వీక్లీ ఆఫ్. ఈత బట్టలు వేసుకోకుండా చీర కట్టుకుని వచ్చింది. వెనకాలే ఆంజినమ్మ, చింతగింజల డబ్బాతో పద్మజ. ఈదేటప్పుడు చుట్టుకొక గింజ పక్కన పెట్టడం పద్మజ ఉద్యోగం.

జ్యోతిలక్ష్మి గుంతవైపు పోలేదు. తోటలోకి నడిచింది. రెండు వారాలుగా ఈ చెట్ల పక్క నుంచే రోజూ ఈతకు పోయింది. దూరం, టైము, డ్యూటీ తప్ప ఏదీ కళ్ళకు ఆనలేదు. ఇప్పుడు చూస్తే ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి. కాళ్ళ కింద రాలినవి గలగలమన్నాయి.

హనుమంతరాయుడు ఒక కొమ్మ బెరడును బొటనవేలి గోటితో గీశాడు. పచ్చగా ఉంది. పక్క చెట్టు కొమ్మ గీశాడు. అక్కడ పచ్చ లేదు.

"ఇంకో చెట్టు చూడు మామా."

చూశాడు. అది పచ్చ.

"వస్తాదా పూత?"

"చెట్టును అడగాల. నన్నడిగితే?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆమెకు మరీ భరించరానిదయింది. ఈ చెట్లను ఆయన బిందెలతో నీళ్ళు మోసి పెంచాడని అత్త ఎన్నిసార్లు చెప్పిందో.

జ్యోతిలక్ష్మి గట్టు మీదికి వచ్చి, స్టార్టరు బటను తనే నొక్కింది. మోటారు గుర్రుమంది. పైపులు బిగుసుకున్నాయి. చెట్ల మొదళ్ళలో డ్రిప్పు రంధ్రాలు ఒక్కొక్కటే తడి కక్కడం మొదలుపెట్టాయి.

"పూత రాకుంటే నేను గోవాకు పోను మామా," అంది అందరూ వినేటట్టు. "ఈ గంగమ్మ సాక్షి."

ఆంజినమ్మ గబగబా వచ్చి కోడలి నోరు మూసింది. "యాలే అట్లాంటి మాటలు! అడుసు తొక్కింది ఆయప్ప, కాలు కడిగేది నువ్వా?"

"అయిపాయ అత్తా. మొక్కేసినా."

గట్టుకు అటువైపు ఫిల్టరు కడుగుతున్న ఓబిలేష్ చెయ్యి ఆగిపోయింది. లేవబోయి, మాట్లాడొద్దన్నది గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. హనుమంతరాయుడు చాలాసేపు నీళ్ళ వంక చూశాడు. ఆయన మొహం ఎందుకో పాలిపోయింది.

"పొద్దు గుంకేలోగా ఈదే లోతు ఉండదు," అన్నాడు చివరికి. "నిలబడి చూస్తాండావేమి? దిగు."

"వద్దు మామా."

"నీళ్ళు చెట్లకే పోతాండాయి. పోయేలోగా ఈదుకుంటే తరుగుతాయా? దిగమ్మా."

"నాకు మనసు లేదు."

"మనసు ఈతకు యాల? చేతులుండాయి కదా. పో, చీర మార్చుకో. నేను మోకుకాడ కూచుంటా."

*

ఆ ఉదయం ఆమె ఎప్పుడూ ఈదనంత ఈదింది.

చలి ఎముకల్లో దూరింది. ఆంజినమ్మ పట్టుబట్టి వేయించిన లారీ ట్యూబు గుంత మధ్యలో మెల్లగా తిరుగుతోంది. దాన్ని దాటి పోయినప్పుడల్లా ఒకసారి, వచ్చినప్పుడల్లా ఒకసారి మోటారు మోత చెవిలో పడింది. తన కిందనున్న నీళ్ళనే ఆ మోటారు చెట్లకు మోస్తున్నదని ప్రతి బారలోనూ తెలుస్తూనే ఉంది. మొదట ఏడుపొచ్చింది. నీళ్ళలో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది? తర్వాత ఏడుపు ఆగి, చేతులు వాటంతటవే పడడం మొదలయింది.

"అమ్మా, గింజలైపోయినాయి!" పద్మజ అరిచింది.

"మళ్ళా మొదట్నుంచి పెట్టు పాపా," అన్నాడు తాత.

ఆమె ఒడ్డుకు వచ్చేసరికి నల్ల పట్ట మీద తడిచార జానెడు పైన ఉంది. నీళ్ళు అంత దిగిపోయాయి. మోకు పట్టుకుని పైకి ఎగబాకుతుంటే కాలు జారింది. హనుమంతరాయుడు రెండు చేతులా మోకు లాగి పట్టాడు. పైకి వచ్చి గట్టు మీద కూలబడింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

ఆయన స్టార్టరు గదిలోకి వెళ్ళి తన నల్ల కంబళి తెచ్చి ఆమె భుజాల చుట్టూ కప్పాడు.

"బిగించుకో. వణుకుతాండావు."

జ్యోతిలక్ష్మి దాన్ని మెడ దాకా లాక్కుంది. ముక్కుకు గ్రీసు వాసన తగిలింది. కంబళి నిండా చెనక్కాయ కట్టె నుసి. నడుమ ఒకచోట నల్లటి జిడ్డు మరక, గుండ్రంగా, మోటారు ముందు మూతంత ఉంది.

ఆమె మరకను చూసింది. అటు మోటారును చూసింది. గోనెసంచిలో చుట్టి పెట్టినా, అన్నాడు ఓబిలేష్. కంబళి మాట అతను అనలేదు. రోజుల తరబడి కంబళి లేక దగ్గుతున్నది ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. బర్రె దినామూ మేస్తుంది, దినామూ ఆ వామిలో చెయ్యి పెట్టేది ఈయనే.

"మామా," అంది. "మోటారు దొరికింది నిన్ననా?"

హనుమంతరాయుడు చెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"చెప్పు మామా."

"పోయిన వారం." గొంతు గొణుగుడుగా వచ్చింది. "మంచుకు తడిసిపోతాంది. కప్పినా."

"మరి యాల చెప్పలే?"

"చెట్టు ఇంకొక్క దినం ఓర్చుకుంటాదిలే అనుకుంటి. నువ్వూ ఆ ఒక్క దినం ఈదుకుంటావు కదా. తెల్లారితే మళ్ళా అదే అనుకుంటి." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నిన్న ఆకు పట్టుకుంటే చేతిలోనే పొడైపాయ. ఇంక ఆగలేకపోతి."

నిన్న మామ ఎంత గట్టిగా అరిచాడో అత్త చెప్పింది. ఆ అరుపు నిజానికి ఎవరి మీదో జ్యోతిలక్ష్మికి ఇప్పుడు అర్థమైంది. ఈ ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు ఆమెను టికెట్టు లేకుండా ఎక్కించారు. రెండోవాడు జన్మలో అబద్ధం ఆడని మనిషి. కోపం తెచ్చుకుందామనుకుంది. కంబళి వెచ్చగా ఉంది, కోపం నిలవలేదు.

"నీ మొక్కు వెనక్కి తీసుకో తల్లీ. పూత రాకుంటే ఆ పాపం నాది. నీకు యాల?" అన్నాడాయన. కాస్సేపాగి, ఇంకా మెల్లగా అన్నాడు. "వానికి తెలియదు. మీ అత్తకూ తెలియదు. చెప్పొద్దు."

జ్యోతిలక్ష్మి తలెత్తింది. మొదటి సాలు చివర ఓబిలేష్ మోకాళ్ళ మీద కూర్చుని, మూసుకుపోయిన డ్రిప్పు రంధ్రాన్ని నోటితో ఊదుతున్నాడు. నిన్న రాత్రి నుంచి అతనితో ఎవరూ మాట్లాడలేదు. తను కూడా. ఇద్దరి తప్పు ఒక్కడే మోస్తున్నాడు, మోస్తున్నానని కూడా తెలియకుండా.

ఇంటికి పోయిన ఆంజినమ్మ గట్టు వెంబడి టిఫిను క్యారియరు మోసుకుంటూ వచ్చింది.

"ఏందే, మామా కోడలూ గుసగుసలు?" గిన్నెలు విప్పుతూ అడిగింది. "ఉగ్గాని చేసినా. నాకు, మీ మామకు, నీకు, పాపకు నాలుగు ఆకులు తెచ్చినా. ఆ మోటారు దొంగకు కూడా పెట్టాల్నా, పస్తు పండుకోబెట్టాల్నా? నీ ఇష్టం జోతీ. తప్పు జరిగింది నీకు. నువ్వే చెప్పు."

హనుమంతరాయుడు తినడానికి కూర్చోలేదు. మోకును చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"అత్తా," అంది జ్యోతిలక్ష్మి, కంబళి మీద మరకను గుప్పిట్లోకి మడుచుకుంటూ. "ముందు ఇంకో ఆకు తీసుకురా. తిన్నాక నీకొక మాట చెప్పాల."